సాగే తీగ: దేహ చలనాన్ని కొలిచే పట్టీల చరిత్ర

మోకాలిని పూర్తిగా ముడిచినప్పుడు దాని మీది చర్మం కొన్ని చోట్ల తన అసలు పొడవులో దాదాపు సగం మేర అదనంగా సాగుతుంది. సాగుడును విద్యుత్తు ద్వారా కొలవడానికి ఇంజనీర్లు దశాబ్దాలుగా నమ్ముకున్న లోహపు రేకు మాత్రం నూటికి అయిదు పాళ్లు సాగేసరికే పనికిరాకుండా పోతుంది. ఒంటికి తొడుక్కునే సాగే సెన్సర్ల చరిత్ర అంతా ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఎడం చుట్టూ తిరిగింది. సెన్సర్ అంటే ఒక భౌతికమైన మార్పును, అది సాగుడు కావచ్చు, వంపు కావచ్చు, ఒత్తిడి కావచ్చు, కొలవదగిన సంకేతంగా మార్చి చెప్పే పరికరం. 'ఎలక్ట్రానిక్ చర్మం' అనే పేరుతో ఇటీవలి కాలంలో పత్రికలకు ఎక్కుతున్న పట్టీలూ తొడుగులూ ఈ శతాబ్దపు వింతలుగా కనిపిస్తాయి గాని, వాటిని విప్పి చూసినవారికి లోపల కనిపించే ఉపాయాలు చాలా వరకు పాతవే: గొట్టంలో ద్రవలోహం నింపడం, తీగను మెలికలు తిప్పడం, రబ్బరులో కర్బనం కలపడం. ఈ మూడూ 1980 నాటికే తెలిసినవి. ఆ తరవాత మారినవి పదార్థాలూ వాటి పరిమాణాలూ. మారనిది రబ్బరు మొండితనం.

చర్మం ఏ దిక్కుకు ఎంత సాగుతుందో తెలియకుండా దాని మీద ఏ పట్టీ అతికించినా ఫలితం ఉండదు కనుక, ఈ కథకు నాంది శరీర నిర్మాణ శాస్త్రంలోనే ఉందనాలి. వియన్నాలో కార్ల్ లాంగర్ మృతదేహాల చర్మాన్ని గుండ్రటి మొన గల సాధనంతో వరసగా గుచ్చి, పడిన రంధ్రాలు గుండ్రంగా నిలవకుండా కోలగా విచ్చుకోవడం గమనించి, ఆ కోల రంధ్రాల పొడుగు దిక్కులను కలుపుతూ ఒంటి నిండా గీతలు గీసి 1861లో ప్రకటించాడు. శస్త్రవైద్యులు కోత ఎటు పెడితే మచ్చ తక్కువగా పడుతుందో నిర్ణయించుకోవడానికి ఆ 'లాంగర్ గీతల'ను చూస్తూ వచ్చారు. సుమారు నూరేళ్ల తరవాత అమెరికాలో ఆర్థర్ ఐబెరాల్ అదే ప్రశ్నను బతికున్న మనిషి దగ్గరికి తెచ్చాడు. ఎత్తయిన ఆకాశంలో ఎగిరేవారికి, అంతరిక్షానికి వెళ్లేవారికి అవసరమయ్యే బిగుతైన పీడన సూట్లలో చేతులూ కాళ్లూ సులువుగా ఆడాలంటే ఏం చెయ్యాలన్నది ఆయన సమస్య. అందుకోసం చర్మం మీద సిరాతో చిన్నచిన్న వలయాలు ముద్రించి, కీళ్లు కదిలినప్పుడు ఆ వలయాలు దీర్ఘవృత్తాలుగా మారడం చూశాడు. వలయం అలా కోలగా మారినప్పుడు ఒక దిక్కున సాగుతుంది, అడ్డంగా కుంచించుకుపోతుంది, మధ్యలో ఎక్కడో రెండు వ్యాసాల పొడవు మాత్రం మారకుండా నిలుస్తుంది. అలా మారని వ్యాసాలను ఒక వలయం నుంచి మరో వలయానికి కలుపుకుంటూ పోతే ఒళ్లంతా సాగని గీతల వల ఒకటి ఏర్పడుతుంది. 1964లో ఆయన ప్రచురించిన ఈ 'సాగని గీతలు' సూట్లు కుట్టేవారికి సాగని తాళ్లు ఎక్కడ వెయ్యాలో చెప్పాయి. సెన్సర్లు అతికించేవారికి వాటి తాత్పర్యం తలకిందులుగా ఉంటుంది: సంకేతం మోసే మామూలు తీగలు ఆ గీతల వెంట పోతే చాలు, కొలిచే పట్టీ మాత్రం వాటికి దూరంగా, చర్మం ఎక్కువగా సాగే చోట ఉండాలి.

దేహ చలనాన్ని ఒంటికి కట్టిన సాధనం చేతనే రాయించాలన్న పట్టుదలను శాస్త్రంగా మలచినవాడు ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే (1830–1904). ఆయన మొదట నమ్ముకున్నది విద్యుత్తును కాదు, గాలిని. పలుచని రబ్బరు పొర బిగించిన చిన్న లోహపు డబ్బీ ఒకటి, దాని నుంచి ఒక రబ్బరు గొట్టం, గొట్టం రెండో చివర అలాంటిదే మరో డబ్బీ; ఒక పొరను నొక్కితే లోపలి గాలి కదిలి రెండో పొర ఉబ్బుతుంది, దాని మీద ఆనించిన సన్నని పుల్ల దీపపు మసి పట్టించిన కాగితం మీద గీత గీస్తుంది. ఛాతీకి కట్టిన సాగే గొట్టంతో ఊపిరిని, మణికట్టు మీద ఆనించిన మీటతో నాడిని రాయించిన మారే, నడకను పట్టడానికి బూట్లను ఎంచుకున్నాడు. 1873లో వెలువడిన ఆయన గ్రంథం 'జంతు యంత్రం'లో వర్ణించిన ఆ బూట్ల అడుగున మందపాటి రబ్బరు, అందులో ఒక గాలి గది ఉన్నాయి. నడిచే మనిషి మసి కాగితం చుట్టిన దిమ్మను తన చేతిలోనే పట్టుకుని నడిచేవాడు. పాదం నేలను తాకిన ప్రతిసారీ గీత పైకి లేచేది, ఎత్తగానే దిగేది. ఎడమ పాదం నేల మీద ఎంతసేపు ఉంది, కుడి పాదం ఎంతసేపు ఉంది, రెండూ కలిసి ఎంతసేపు ఉన్నాయి అన్న ప్రశ్నలకు కంటిచూపుతో పనిలేకుండా కాగితం మీద జవాబు దొరకడం నడక శాస్త్రంలో అదే మొదలు. ఆయన శిష్యుడు గాస్తోఁ కార్లే ఇదే పద్ధతిని మరింత సూక్ష్మంగా నడిపించాడు. గాలితో నడిచిన ఈ పరికరాలన్నిటిలో కొలిచే పని చేసింది రబ్బరే. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో కలిపి కాల్చి రబ్బరుకు ఎండలో కరగని, చలిలో బిరుసెక్కని గుణం తెచ్చి ఉండకపోతే మారే పొరలు ఒక ఋతువు కూడా నిలిచేవి కావు.

అయితే మారే స్వయంగా తన రబ్బరు గొట్టాలను వదిలి కెమెరా వైపు మళ్లాడు. 1882 నుంచి ఒకే ఫలకం మీద వరస క్షణాలను ముద్రించే పద్ధతిని వాడుతూ, మనిషి బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోకుండా ఉండడానికి అతనికి నల్ల బట్టలు తొడిగి, చేతుల కాళ్ల వెంట తెల్లని గీతలూ కీళ్ల దగ్గర మెరిసే బొత్తాలూ కుట్టించి, నల్లని గోడ ముందు నడిపించాడు. అప్పటి నుంచి దేహ చలనాన్ని కొలిచే విద్య రెండు పాయలుగా చీలింది: బయట నిలబడి చూసేది ఒకటి, ఒంటిని అంటిపెట్టుకుని కొలిచేది మరొకటి. మొదటి పాయకు ఎంత ఓపిక కావలసివచ్చిందో లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ బ్రావునే, ఓటో ఫిషర్ చేసిన పని చెబుతుంది. సైనికుడి ఒంటికి సన్నని గాజు దీపాలు కట్టి చీకట్లో నడిపించడానికి ఒక్క అలంకరణకే 6 నుంచి 8 గంటలు పట్టేది. ఆ ఛాయాచిత్రాల నుంచి కీళ్ల స్థానాలను లెక్కకట్టే పని నెలల తరబడి సాగింది. వారి 'మనిషి నడక' గ్రంథం మొదటి భాగం 1895లో వెలువడేనాటికి బ్రావునే మరణించి మూడేళ్లయింది.

విద్యుత్తు ఈ కథలోకి వేరే దారిన వచ్చింది. తరవాతి కాలంలో లార్డ్ కెల్విన్ అనిపించుకున్న విలియం థామ్సన్ 1856లో రాగి తీగలకూ ఇనుప తీగలకూ బరువులు వేలాడదీసి, సాగిన కొద్దీ వాటి విద్యుత్ నిరోధం పెరుగుతోందని, ఆ పెరుగుదల ఇనుములో రాగిలో కన్నా ఎక్కువని చూపించాడు. నిరోధం అంటే ప్రవాహానికి తీగ పెట్టే అడ్డు. తీగ పొడుగై సన్నబడితే అడ్డు పెరగడం సహజం. ఆ పెరుగుదల నూటికి ఒకటో అరో మాత్రమే కనుక, రెండు దారుల నిరోధాలను తక్కెడలో తూచినట్టు సరిపోల్చే వీట్‌స్టన్ వంతెన అనే వలయం లేకపోతే అది కంటికి ఆనేది కాదు. ఈ సూత్రం ఎనభై ఏళ్లు ప్రయోగశాలలోనే ఉండిపోయి, 1930ల చివరలో అమెరికాలో ఇద్దరి చేతుల్లో విడివిడిగా పరికరమైంది: క్యాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ సిమన్స్, మసాచుసెట్స్‌లో ఆర్థర్ రూజ్. భూకంపం వస్తే నీళ్ల ట్యాంకు గోడల మీద ఏమవుతుందో నమూనాలతో పరీక్షిస్తున్న రూజ్, వెంట్రుక లాంటి తీగను కాగితానికి అతికించి, ఆ కాగితాన్ని గోడకు అతికించాడు. గోడ ఎంత సాగితే తీగ అంత సాగింది. ఈ సాగుడు గేజిని అమ్మిన కంపెనీ దానికి 'ఎస్ఆర్-4' అని పేరు పెట్టింది. ఎస్ సిమన్స్‌ది, ఆర్ రూజ్‌ది, 4 ఆ పనిలో పాలు పంచుకున్న మనుషుల సంఖ్య. వంతెనలకూ విమానాలకూ తూకపు యంత్రాలకూ అది ఎంతగా పనికివచ్చిందో మనిషి ఒంటికి అంతగా పనికిరాలేదు. ఉక్కు దూలం సాగేది వెయ్యికి ఒక పాలు. మోచేయి సాగేది దానికి వందల రెట్లు.

ఒంటికి తగిన మొదటి విద్యుత్ పట్టీ వచ్చింది కీళ్ల కోసం కాదు, పిక్కలో రక్త ప్రవాహం కోసం. బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త ఆర్. జె. విట్నీ 1949లో క్లుప్తంగానూ 1953లో విస్తారంగానూ వర్ణించిన ఆ సాధనం చూడడానికి అతి సామాన్యమైనది: సన్నని రబ్బరు గొట్టం, దాని నిండా పాదరసం, రెండు చివర్లా పాదరసంలో ముంచిన లోహపు బిరడాలు. పాదరసం ద్రవం కనుక గొట్టం ఎంత సాగినా తెగదు. పొడుగై సన్నబడుతుంది, నిరోధం పెరుగుతుంది, వదిలితే మళ్లీ మొదటికి వస్తుంది. అంతకు ముందు కాలిలోకి వచ్చే రక్తాన్ని కొలవాలంటే కాలిని మొత్తం నీళ్లు నింపిన తొట్టెలో పెట్టి అంచులు గాలి చొరబడకుండా మూసి, కాలు ఉబ్బినప్పుడు బయటికి నెట్టుకువచ్చిన నీటిని కొలవవలసి వచ్చేది. అలాంటి తొట్టెలో కాలు పెట్టిన మనిషి నిలబడలేడు, నడవలేడు. విట్నీ గొట్టాన్ని పిక్క చుట్టూ ఉంగరంలా చుడితే సరిపోయేది. తొడకు కట్టిన గాలి పట్టీని ఒక మోస్తరుగా ఉబ్బిస్తే సిరల గుండా రక్తం తిరిగి పోవడం ఆగుతుంది, ఎక్కువ పీడనం ఉన్న ధమనుల గుండా రావడం ఆగదు; ఆ కొద్ది క్షణాల్లో పిక్క ఎంత వేగంగా ఉబ్బిందో అదే రక్తం వస్తున్న వేగం.

ఇందులో లెక్క కూడా ముచ్చటగా కుదిరింది. గొట్టంలోని పాదరసం పరిమాణం మారదు కనుక పొడవు నూటికి ఒకటి పెరిగితే అడ్డుకోత నూటికి ఒకటి తగ్గి, నిరోధం నూటికి రెండు పెరుగుతుంది. పిక్క చుట్టుకొలత నూటికి ఒకటి పెరిగితే ఆ చోట పిక్క ఘనపరిమాణం కూడా నూటికి రెండే పెరుగుతుంది. అంటే పాదరసపు నిరోధంలో వచ్చిన శాతం మార్పును చదివితే అదే పిక్క ఉబ్బిన శాతం. మధ్యలో మరో గుణకం అవసరం లేదు. తరవాతి కాలంలో ఇంతకంటే సున్నితమైన సెన్సర్లు డజన్ల కొద్దీ వచ్చాయి గాని, చదివిన అంకెకూ దేహంలోని నిజానికీ మధ్య ఇంత సూటి బంధం ఉన్నవి అరుదు. లోపాలు లేవని కాదు. అంత సన్నని పాదరసపు దారం నిరోధం ఒకటి రెండు ఓమ్‌లకు మించదు కనుక కలిపే తీగల నిరోధమే లెక్కను చెడగొట్టేది; పాదరసం గాలి తగిలిన చోట మాసిపోయేది; రబ్బరు ముసలిదై పగిలితే విషం ఒలికేది. అయినా ఈ గొట్టం యాభై ఏళ్లకు పైగా వైద్య పరిశోధనలో నిలిచింది.

కీళ్ల కొలత అప్పటికి ఇంకా లోహపు చేతుల మీదే ఆధారపడి ఉంది. 1959లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ కాలేజీలో పీటర్ కార్పోవిచ్ 'ఎల్గాన్' అని పేరు పెట్టిన సాధనం, రెండు కడ్డీల మధ్య రేడియోలో శబ్దం పెంచే మరలాంటి తిరిగే నిరోధాన్ని బిగించినది. ఒక కడ్డీని తొడకూ మరొకదాన్ని పిక్కకూ కట్టి నడిస్తే మోకాలి కోణం కాగితం మీద గీతగా పడేది. దీనికి అడ్డుపడింది మోకాలే. మోకాలు తలుపు బందు కాదు. ముడుచుకుంటున్నకొద్దీ దాని తిరుగు కేంద్రం జరుగుతూ పోతుంది, కడ్డీల కీలు మాత్రం ఒకే చోట తిరుగుతుంది, ఆ తేడా పట్టీలను లాగి చర్మం మీద జార్చుతుంది. ఒంటితో పాటు వంగే, సాగే సాధనం కావాలన్న వాదానికి ఈ జారుడే బలమైన సాక్ష్యం.

తీగను సాగదీయకుండా సాగేటట్టు చేసే ఉపాయం 1970ల చివరలో ఊపిరి కొలిచేవారికి తట్టింది. ఛాతీకీ పొట్టకీ కట్టే వెడల్పాటి సాగే పట్టీ మీద మామూలు రాగి తీగను అలలు అలలుగా కుట్టి, అందులో సన్నని విద్యుత్ ప్రవాహం పంపి, ఊపిరి పీల్చినప్పుడు చుట్టులోపలి వైశాల్యం పెరగడాన్ని తీగ చుట్టు ప్రేరకత్వంలో, అంటే మారుతూ ఉండే ప్రవాహానికి ఆ చుట్టు చూపే ఎదురులో, వచ్చిన మార్పుగా చదివారు. అల విప్పుకుంటుంది గాని లోహం సాగదు. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బును పరీక్షించే గదుల్లో రోగి ఒంటి చుట్టూ కనిపించే రెండు పట్టీలు ఇవే. పదార్థం గట్టిదైనా ఆకారం మెత్తగా ఉంటే చాలునన్న ఈ సూత్రం తరవాత సిలికాన్ దాకా పోయింది.

అదే కాలంలో చేతివేళ్ల మీద మరో ప్రయోగం సాగింది. షికాగోలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో 1977లో డానియెల్ శాండిన్, థామస్ డిఫాంటి తయారుచేసిన సేర్ తొడుగులో ప్రతి వేలి వెంటా ఒక వంగే గొట్టం, ఒక కొసన దీపం, మరో కొసన వెలుతురును పట్టే కన్ను ఉన్నాయి. వేలు ముడిచిన కొద్దీ కంటికి చేరే వెలుతురు తగ్గేది. థామస్ జిమ్మర్‌మన్, జారన్ లానియెర్ల వీపీఎల్ సంస్థ 1980ల చివరలో ఇలాంటి తొడుగును కాంతి దారాలతో 'డేటాగ్లవ్'గా అమ్మింది. 1989లో మాటెల్ కంపెనీ వీడియో ఆటల కోసం చవకలో 'పవర్ గ్లవ్' తెచ్చి, కాంతి దారాల బదులు ప్లాస్టిక్ పట్టీల మీద విద్యుత్తును మోసే సిరాను అచ్చువేసింది. వంగినప్పుడు సిరా పూతలో సన్నని చీలికలు విచ్చుకుని నిరోధం పెరిగేది. ఇవేవీ నిజానికి సాగవు, వంగుతాయి. కాని ఒంటికి తొడుక్కున్న వస్తువు కంప్యూటరుకు కదలికను చెప్పగలదన్న ఊహను ఇళ్లలోకి మోసుకుపోయినవి ఇవే.

సెన్సరును పట్టీగా కట్టడం మాని బట్టలోనే కలపాలంటే ముందు బట్ట ఒంటిని విడవకుండా ఉండాలి. 1958లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ షివర్స్ కనిపెట్టి, తరవాత లైక్రా పేరుతో ప్రసిద్ధమైన నూలు ఆ పని చేసింది. ఒంటికి హత్తుకుని ఎటు కదిలితే అటు సాగే బట్ట ఈతగాళ్లకూ వ్యాయామం చేసేవారికీ వచ్చింది మొదలు, సెన్సర్ల వారికి ఒక సిద్ధమైన నేల దొరికింది. ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయంలో డానిలో దే రోసీ బృందం 1990లలో ఆ లైక్రా బట్టకే విద్యుత్తును మోసే పాలిమర్ పూసి, బట్ట సాగుడును నిరోధంగా చదివింది. ప్లాస్టిక్ లాంటి పదార్థాలు కూడా విద్యుత్తును మోయగలవని షిరకావా, హీగర్, మెక్‌డయర్మిడ్ 1977లో చూపించిన ఫలితం (దానికే 2000లో నోబెల్ బహుమతి వచ్చింది) ఇలా తొడుగులోకి దిగింది. అయితే ఆ పూత గాలి తగిలి వారాల్లో మారిపోయేది, సాగదీసి ఆపిన తరవాత అంకె స్థిరపడడానికి నిమిషాలు పట్టేది. దాంతో పీసా వారు కర్బనపు పొడి కలిపిన రబ్బరును బట్ట మీద చారలుగా అచ్చువేసే పద్ధతికి మళ్లారు.

కర్బనం కలిపిన రబ్బరు పనిచేసే తీరు వాగులో రాళ్ల మీద అడుగులు వేస్తూ దాటడం లాంటిది. రబ్బరు విద్యుత్తును మోయదు; అందులో చల్లిన కర్బనపు రేణువులు మోస్తాయి. రేణువులు ఒకదానికొకటి తగినంత దగ్గరగా ఉన్నంతకాలం ప్రవాహం ఒకదాని మీంచి మరోదాని మీదికి దాటుతుంది. రబ్బరును లాగితే రాళ్లు ఎడమై, కొన్ని దారులు మూసుకుపోయి, నిరోధం పెరుగుతుంది. టైర్లను నల్లగా చేసేది కూడా ఈ కర్బనపు పొడే. సాగుడులో ఒక పాలు మార్పుకు నిరోధంలో ఎన్ని పాళ్లు మార్పు వస్తుందో దాన్ని గేజ్ గుణకం అంటారు. లోహపు రేకుకు అది సుమారు రెండు, రాళ్ల వాగుకు అంతకంటే ఎంతో ఎక్కువ కావచ్చు. ఎక్కువ కావడం ఎప్పుడూ మేలు కాదన్న సంగతి కింద వస్తుంది.

2000 తరవాత పది పన్నెండేళ్లు ఈ రంగంలో అత్యంత చురుకైన కాలం. జార్జ్ వైట్‌సైడ్స్ బృందం అంతకు ముందే 1998లో సిలికోన్ రబ్బరు మీద బంగారు పూత తనంతట తానే ముడతలు పడడాన్ని చూపితే, ప్రిన్స్‌టన్‌లో స్తెఫనీ లాకూర్, సిగుర్డ్ వాగ్నర్ 2003లో అలాంటి పూత విడిగా ఉన్న బంగారు రేకు కన్నా ఎన్నో రెట్లు సాగినా విద్యుత్తును మోస్తూనే ఉందని నిరూపించారు. 2006లో ఇల్లినాయిలో జాన్ రాజర్స్ బృందం ఇదే పనిని సిలికాన్‌తో చేసింది. గౌను నడుముకు ఎలాస్టిక్ కుట్టే దర్జీ దాన్ని ముందుగా బాగా లాగి పట్టుకుని కుడతాడు; వదిలిన వెంటనే ఎలాస్టిక్ ముడుచుకుని బట్ట కుచ్చులు పడుతుంది, తరవాత నడుము ఎంత సాగితే కుచ్చులు అంత విప్పుకుంటాయి, బట్ట చిరగదు. రాజర్స్ బృందం చేసింది సరిగ్గా ఇదే: రబ్బరును లాగి పట్టి, నానోమీటర్లలో కొలిచే పలుచని సిలికాన్ పేలికలను దాని మీద అతికించి వదిలింది. నూటికి ఒక పాలు సాగితే పగిలిపోయే సిలికాన్, అలలుగా ముడుచుకుని పగలకుండా సాగింది. 2011లో ఆ బృందమే తీగలను మెలికల ముగ్గు ఆకారంలో తీర్చి, పిల్లలు తడిచేసి అతికించుకునే టాటూ స్టిక్కరులా చర్మానికి అంటుకునే వలయాన్ని ప్రకటించింది. ఊపిరి పట్టీ మీద కుట్టిన రాగి అలకూ ఈ మెలికలకూ మధ్య ముప్పయ్యేళ్ల దూరం, పరిమాణంలో ఎంతో భేదం ఉన్నాయి, ఉపాయం ఒక్కటే. టోక్యోలో తకావో సొమేయా, స్టాన్‌ఫర్డ్‌లో ఝెనాన్ బావో నడిపిన బృందాలు స్పర్శనూ ఒత్తిడినీ పట్టే చర్మాల వైపు ఇదే కాలంలో సాగాయి.

దేహ చలనాన్నే ప్రత్యేకంగా లక్ష్యం చేసుకుని వచ్చిన పరికరం 2011లో జపాన్ జాతీయ పరిశోధన సంస్థకు చెందిన కెంజి హటా బృందానిది. కర్బన నానో గొట్టాలను, అంటే కర్బన పరమాణువుల పొర చుట్టుకుని ఏర్పడిన అతి సన్నని గొట్టాలను, ఒకే దిక్కుకు పేర్చి పొరగా చేసి సాగే ఆధారం మీద పరిచారు. మొదటిసారి లాగినప్పుడు ఆ పొర అడ్డంగా బీటలు వారి దీవులు దీవులుగా విడిపోతుంది, దీవుల మధ్య గొట్టాల కట్టలు వంతెనల్లా వేలాడతాయి. 280 శాతం దాకా సాగుడును కొలిచిన ఈ పట్టీ, 150 శాతం సాగుడును 10,000 సార్లు తట్టుకుంది. దాన్ని మేజోళ్లకూ తొడుగులకూ అతికించి మోకాలి కదలికనూ వేళ్ల కదలికనూ చదివారు. మూడేళ్ల తరవాత దక్షిణ కొరియా పరిశోధకులు సాలీడు కాళ్ల మీది చీలికల్లాంటి అవయవాన్ని చూసి, లోహపు పూతలో కావాలనే బీటలు పెట్టి, ఎంతో చిన్న కదలికలను పట్టే సెన్సరు చేశారు. సాగుడు గేజిలో బీట కనిపిస్తే దాన్ని పారేసే వృత్తిలో బీటే సాధనం కావడం చిన్న మలుపు కాదు.

ఖరీదైన పదార్థాల ఈ వరసలో అంగడి సరుకు కూడా చోటు చేసుకుంది. 2014లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీకి చెందిన జొనాథన్ కోల్‌మన్ బృందం బ్రిటన్‌లోని సర్రే విశ్వవిద్యాలయంతో కలిసి, దుకాణంలో దొరికే మామూలు రబ్బరు బ్యాండ్లను ఒక ద్రావణిలో నానబెట్టి ఉబ్బించి, గ్రాఫీన్ అనే అతి పలుచని కర్బనపు రేకులు కలిపిన ద్రవంలో వేసింది. ఉబ్బిన రబ్బరులోకి గ్రాఫీన్ చొచ్చుకుపోయింది, ఆరిన తరవాత బ్యాండు నల్లబడి విద్యుత్తును మోసింది. 2017లో ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు పెన్సిలు గీతలు చెరిపే ఎరేజరునే ఆధారంగా ఎంచుకుని, దాని మీద నానో గొట్టాల పొడిని అప్పడాల కర్ర లాంటి కర్రతో ఒత్తి, యంత్రంతో అదిమి, ఏ ద్రావణీ వాడకుండా సాగుడునూ ఒత్తిడినీ పట్టే సెన్సర్ల పలకను తయారుచేశారు. తెలుగు బడిపిల్లలు ఎరేజరును ఇప్పటికీ రబ్బరు అనే పిలుస్తారు కనుక ఈ ప్రయోగానికి పేరు వెతుక్కునే పని కూడా లేదు.

పాదరసపు గొట్టం కథ ఈలోగా మరో మలుపు తిరిగింది. మూడు పాళ్లు గాలియం, ఒక పాలు ఇండియం కలిపిన మిశ్రమలోహం సుమారు 15.5 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, పాదరసంలా విషపు ఆవిరి చిమ్మదు, గాలి తగిలిన వెంటనే పైన పలుచని ఆక్సైడ్ పొర కట్టుకుని ఉన్న చోటే నిలుస్తుంది. 2008లో మైకల్ డికీ, వైట్‌సైడ్స్ దీన్ని సన్నని కాలువల్లోకి ఎక్కించవచ్చని చూపగా, ఆ తరవాతి నాలుగైదేళ్లలో హార్వర్డ్‌లో యోంగ్-లే పార్క్, రాబర్ట్ వుడ్ తదితరులు సిలికోన్ రబ్బరులో కాలువలు తీర్చి, సూదితో ఈ లోహాన్ని నింపి, నడకను కొలిచే మెత్తని సూట్లకు అమర్చారు. పదార్థం పేర్లు మార్చి చదివితే ఇది 1953 నాటి విట్నీ వ్యాసమే. పాదరస వాడకాన్ని అంతం చేయడానికి ఏర్పడిన మినమాటా అంతర్జాతీయ ఒప్పందంలోని సభ్యదేశాలు 2022లో, 2025 నాటికి తయారీ ఆపవలసిన వస్తువుల జాబితాలో అవయవాల ఉబ్బును కొలిచే పాదరసపు గేజిలను కూడా పేరుపెట్టి చేర్చాయి. ఒక ప్రయోగశాల సాధనానికి ఇంతటి అధికారిక వీడ్కోలు దొరకడం అరుదు.

ఇన్ని పదార్థాలు వచ్చినా, చేతి గడియారాలు అడుగులు లెక్కపెట్టడానికి వాడుకుంటున్నది సాగే సెన్సరును కాదు, వేగంలో మార్పును పట్టే గట్టి సిలికాన్ బిళ్లను. కారణం రబ్బరులోనే ఉంది. రబ్బరును లాగేటప్పుడు ఒక దారిన వెళ్లిన అంకె, వదిలేటప్పుడు మరో దారిన తిరిగి వస్తుంది. మోకాలు సగం వంగి ఉన్నప్పుడు అది వంగుతోందా చాపుతోందా అన్నదాన్ని బట్టి ఒకే కోణానికి రెండు అంకెలు వస్తాయి. దీన్ని హిస్టెరిసిస్ అంటారు. లాగి పట్టుకుంటే అంకె నెమ్మదిగా జారుతుంది. చెమటా ఉష్ణోగ్రతా దాన్ని కదుపుతాయి. ఉతికిన తరవాత సున్నా మారుతుంది. ఈరోజు తొడిగిన మేజోడు రేపు ఒక వేలెడు పక్కకు తొడిగితే నిన్నటి లెక్క చెల్లదు. గేజ్ గుణకం పెరిగిన కొద్దీ ఈ జాడ్యాలు కూడా పెరగడం పరిపాటి, ఎందుకంటే రాళ్లు ఎడంగా ఉన్న వాగులో ఒక్క రాయి కదిలినా దారి మారుతుంది. పరిశోధన వ్యాసాల్లో గుణకం పెద్ద అక్షరాల్లో కనిపించి, పదివేలసారి వేలు ముడిచాక అంకె ఎక్కడికి తిరిగి వచ్చిందన్నది చివరి పటంలో నక్కి ఉండడం ఈ రంగపు పాత అలవాటు. రాబడి పేజీ ఉంచి ఖర్చు పేజీ చింపేసిన పద్దు పుస్తకాన్ని ఎవరూ నమ్మరు. సెన్సర్ల వ్యాసాలను చదివేవారు మాత్రం చాలాకాలం ఉదారంగా ఉన్నారు.

మొదట చెప్పిన మూడు ఉపాయాలకు తోడు, ఈ జాడ్యాలను తగ్గించే నాలుగో దారి కెపాసిటరు. మధ్యలో రబ్బరు, రెండు పక్కలా సాగే వాహకపు పొరలు. లాగితే వైశాల్యం పెరిగి మందం తగ్గి, ఆ జత నిలవచేసే విద్యుదావేశం పెరుగుతుంది. ఇక్కడ అంకె రేణువుల ఎడం మీద కాక పొరల ఆకారం మీద ఆధారపడుతుంది కనుక, అది నిలకడగా ఉంటుంది. న్యూజిలాండ్‌లో ఆక్లండ్ విశ్వవిద్యాలయపు పరిశోధన నుంచి 2012లో పుట్టిన స్ట్రెచ్‌సెన్స్ సంస్థ ఈ దారినే ఎంచుకుంది. జపాన్‌లో ఇంటర్నెట్ ద్వారా బట్టలు అమ్మే స్టార్ట్ టుడే సంస్థ ఆ పరిజ్ఞానంతోనే, కొనేవారు ఇంట్లోనే తొడుక్కుని ఒంటి కొలతలు తీసుకునే 'జోజోసూట్'ను 2017 నవంబరులో ప్రకటించింది. సాగే సెన్సర్లు లక్షల ఇళ్లకు చేరతాయనిపించిన ఆ సూటు, 2018 వసంతానికి రూపం మార్చుకుంది: సెన్సర్లు పోయి, నల్లని బట్ట మీద కొన్ని వందల తెల్లని చుక్కలు వచ్చాయి, కొలిచే పని ఫోను కెమెరాది అయింది. మారే తన నడకగాళ్లకు తొడిగించిన నల్ల దుస్తులను చూసినవారికి ఆ సూటు కొత్తగా కనిపించదు.

స్ట్రెచ్‌సెన్స్ ఆ తరవాత చేతి తొడుగుల వైపు మళ్లి, సినిమాలకూ వీడియో ఆటలకూ నటుల వేళ్ల కదలికను పట్టే పరికరాలు అమ్ముతోంది. అక్కడ కెమెరాకు ఒక సహజమైన చూపులోపం ఉంది: పిడికిలి బిగిస్తే నాలుగు వేళ్ల కొసలు అరచేతిలో దాక్కుంటాయి, రెండు చేతులు జోడిస్తే సగం వేళ్లు మిగతా సగం వెనక్కి పోతాయి. కెమెరా చూడలేని ఆ మడతలో రబ్బరు మాత్రం సాగుతూనే ఉంటుంది. తొడుగు తొడుక్కున్న నటుడు పని మొదలుపెట్టే ముందు అరచెయ్యి చాపి, పిడికిలి బిగించి, బొటనవేలిని ఒక్కొక్క వేలి కొసకు తాకించి, తన చెయ్యి ఏ కొలతదో ఆ రబ్బరుకు మొదట చెప్పుకోవాలి.